గడప దగ్గర మొదలైన అలుకు

నా చిన్నప్పుడు మా ఇల్లు ఏడాదికి ఒకసారి కొత్తదయ్యేది. క్రిస్మస్ దగ్గర పడుతుందనగా సున్నం, జాజు, పేడ, పాత చీరలు, పాత పేపర్లతోనే ఆ పని జరిగిపోయేది. వరంగల్ కొత్తవాడలో మా తాతయ్య కట్టిన మట్టిగోడల పెంకుటిల్లు మాది. ఒకటే పెద్ద గది, దాని వెనుక వంటకు చిన్న వసారా. బాపు జంపఖానాలు నేసే షెడ్డులో పనికి పోయేవాడు. కొత్త సామాను కొని ఇంట్లో పెట్టే శక్తి మాకు ఎన్నడూ లేదు. ఉన్నదాన్నే కడిగి, పూసి, కప్పి, కొత్తదిగా చూపించే విద్య మా నాయనమ్మకు బాగా తెలుసు.

నేను చెప్పబోయేది నాకు ఏడెనిమిదేళ్లున్నప్పటి మాట. ఆ వానకాలంలో నా తమ్ముడు చనిపోయాడు. ఇంకా పాకడం కూడా రాని పిల్లవాడు. జ్వరం వచ్చింది, పోయాడు. అంతకన్నా ఎక్కువ నాకు ఎవరూ చెప్పలేదు. అమ్మ ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని తర్వాత అందరూ అన్నారు. ఆమె మాట్లాడటం మానేసింది. పొయ్యి దగ్గర కూర్చుంటే అన్నం మాడిపోయేది, నా తల దువ్వుతూ దువ్వుతూ దువ్వెన నా జుట్టులోనే వదిలేసి అట్లాగే ఉండిపోయేది. చివరకు మా మేనమామ వచ్చి ఆమెను నర్సంపేట దగ్గరున్న వాళ్ల ఊరికి తీసుకుపోయాడు. నన్ను మాత్రం నాయనమ్మ దగ్గరే ఉంచారు.

పత్తి ఏరే రోజులు వచ్చాయి. అమ్మ రాలేదు. ఒకరోజు మామయ్య బాపు పనిచేసే షెడ్డుకు వచ్చి మాట్లాడిపోయాడు. ఆ సాయంత్రం బాపు నాయనమ్మకు చెబుతుంటే నేను విన్నాను. పండుగకు తీసుకొస్తాడట. ఒక్క రాత్రి ఉంచి చూస్తాడట. చెల్లె ఈ ఇంట్లో మనుషుల్లో పడేట్టు ఉంటే వదిలిపోతాడట, లేదంటే మళ్లీ తీసుకుపోతాడట. ఆ తర్వాత ఇక తీసుకురాడట. "ఆయన మాట్ల తప్పు లేదమ్మా, ఆయన చెల్లె ఆయనకు ముద్దు" అన్నాడు బాపు. నాయనమ్మ చాలాసేపు గోడలు చూస్తూ కూర్చుంది. తర్వాత, "ఈ ఇంట్ల ఆ పిలగాని యాది ఒక్కటి కూడ కనవడొద్దు. ఇల్లు కొత్తగ చేద్దాం. అప్పుడు నిమ్మళమైతది" అంది.

ఎవరి మీదా కోపంతో అన్న మాట కాదది. మా దగ్గర అప్పట్లో పసిపిల్ల పోతే అట్లాగే చేసేవాళ్లు. పేరు ఎత్తేవాళ్లు కాదు, బట్టలు ఎవరికో ఇచ్చేసేవాళ్లు, తల్లి కంట పడకుండా అన్నీ తీసేసేవాళ్లు. అదే దయ అనుకునేవాళ్లు. నేను కూడా అట్లాగే నమ్మాను. ఇల్లు ఎంత తెల్లగా అయితే అమ్మ అంత తొందరగా నవ్వుతుందని నా మనసులో ఒక లెక్క పెట్టుకున్నాను.

పని మొదలైంది. పాత కుండలో రాతిసున్నం వేసి నీళ్లు పోస్తే అది అన్నంలాగా కుతకుత ఉడికేది. చల్లారాక అందులో నానబెట్టిన తుమ్మబంక కలిపారు, గోడకు ఒరిగితే ఒంటికి అంటకుండా. తెలుపు తళతళలాడాలని చిటికెడు నీలిమందు కలిపారు. ఈతమట్ట కొస రాయితో నలగ్గొట్టి కుంచె చేశారు. గోడల కింది భాగానికి ఎర్రటి జాజు. పెంకుల సందుల నుంచి దుమ్ము రాలకుండా నాయనమ్మ తన పాత చీరలు రెండు కలిపి కుట్టి, కప్పు కింద చాందినీలాగా కట్టించింది. బాపు లారీల షెడ్డులో అడిగి వాడేసిన ఇంజనాయిల్ డబ్బా తెచ్చి తలుపులకు పూశాడు. చెదలు పట్టవు, పైగా నల్లగా నిగనిగలాడతాయి. వాసన మాత్రం పండుగ దాకా పోలేదు. గోడ అరల అంచులకు వేలాడేట్టు నేను పాత పేపర్లు కత్తిరించాను. వాటి మీది అక్షరాలు అప్పుడు నాకు చీమల బారులే. తలకిందులుగా వేలాడదీశానని కూడా తెలియదు.

పక్కింటి అక్కకు ఇదంతా వినోదంగా ఉండేది. బర్రెల పని చేసుకుంటూనే మా గడప దగ్గర నిలబడి, "ఏందవ్వా, ముసలితనంల లగ్గం పెట్టుకున్నవా ఏంది? పిల్లగాడు ఎవలు?" అనేది. నాయనమ్మ కుంచె విదిలించి ఆమె మీద సున్నపు చుక్కలు పడేట్టు చేసి, "నీ మొగన్నే చేసుకుంట, పంపియ్యి. పొద్దంత పండుడే గదా, ఈడ గోడలకు సున్నమన్న ఏస్తడు" అనేది. ఆ నవ్వులు అంతవరకే. పక్కింటి అక్క పోగానే నాయనమ్మ ముఖం మళ్లీ బిగుసుకుపోయేది.

ఇంట్లో ఒక్క చోటు మాత్రం మాట వినలేదు. దీపం గూటి పక్కన గోడ మీద అమ్మ వేలి గుర్తులుండేవి. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం పట్టి అమ్మ కాటుక చేసేది. తమ్ముడి చెంపకూ అరికాలికీ చుక్క పెట్టి, మిగిలింది అక్కడే గోడకు తుడిచేది. రోజూ అదే చోట. నల్లటి జిడ్డు మరకలు, చిన్న పిట్టల గుంపులాగా. నాయనమ్మ వాటి మీద సున్నం వేసింది. ఆరాక మరక బూడిద రంగులో పైకి వచ్చింది. మళ్లీ వేసింది. మళ్లీ వచ్చింది. జిడ్డు మీద సున్నం నిలవదు. చివరకు గోరుతో, తర్వాత కొబ్బరిచిప్ప ముక్కతో గీకి, దాని మీద గంజితో ఒక క్యాలెండర్ బొమ్మ అంటించింది. గొర్రెల మందను కాస్తున్న కాపరి బొమ్మ. బాపు అది చూసి బయటకు పోయాడు.

చివరి పని అలుకు. పేడ, ఎర్రమన్ను కలిపి నేల అలకడంలో మా నాయనమ్మకు వాడంతా పేరుండేది. ఆమె చెయ్యి తిరిగిన గీతలు నేల మీద చేప పొలుసుల్లాగా ఒకదాని మీద ఒకటి పడేవి. అలుకు చూసి అది ఎవరి చెయ్యో ఆడవాళ్లు చెప్పేసేవాళ్లు. చుట్టాలిళ్లల్లో శుభకార్యమంటే ఆమెను పిలుచుకుపోయేవాళ్లు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో అలుకు మాత్రం అమ్మదే. కోడలికి ఇచ్చేసిన పనిని ఆమె లేనప్పుడు అత్త చేతిలోకి తీసుకుంది. ఆ ఏడు నాయనమ్మ అలికినంత అందంగా ఆ నేల ఎన్నడూ లేదు.

పండుగ ముందటి రోజు కాదు, దానికి ముందటి రోజు మధ్యాహ్నం అమ్మ వచ్చింది. మామయ్య రేకుపెట్టె మోసుకుంటూ ముందు నడిచాడు. నేను ఉరికిపోయి అమ్మ నడుమును చుట్టుకున్నాను. ఆమె చెయ్యి నా తల మీదికి వచ్చింది, కానీ అక్కడే బరువుగా ఆగిపోయింది. గడప దాటి లోపలికి రెండడుగులు వేసి నిలబడింది. చాందినీ చూసింది, తెల్లటి గోడలు చూసింది, నేను కట్టిన పేపర్లు చూసింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. నవ్వు రాలేదు. మెల్లగా గూటి దగ్గరికి పోయి ఆ బొమ్మ మీద అరచేయి ఆనించింది. చెయ్యి తీసి, అరచేతిని చూసుకుంది. తర్వాత తలుపు దగ్గరికి తిరిగి వచ్చి, గోడకు ఒరగకుండా, చుట్టాలింటికి వచ్చినట్టు అంచున కూర్చుంది.

"జర మంచినీళ్లు ఇస్తరా" అంది నాయనమ్మతో.

తన ఇంట్లో, తన కుండలో నీళ్లు తానే ముంచుకోవడం తెలిసిన మనిషి అట్లా అడిగింది. నాయనమ్మ చెంబు తెచ్చి ఇచ్చింది. అమ్మ రెండు చేతులతో అందుకుని తాగింది. ఆ తర్వాత ఒక్క మాట లేదు. చీకటి పడేవేళ మామయ్య బాపుతో, "చూసినవు గదా బావా. నాకు మాత్రం సంబురమా? రేపు పొద్దుటి బస్సుకు తోల్కపోత. ఫికర్ చెయ్యకు, మా అమ్మ కాడ ఉంటది" అన్నాడు. బాపు తల వంచుకుని జంపఖానా నూలు అంటిన వేళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. నాయనమ్మ గోడలకేసి చూస్తోంది. ఆమె కష్టపడి చేసిన తెలుపును చూస్తున్నట్టు లేదు. దారి తప్పిన మనిషి ఊరు చూసినట్టు చూస్తోంది. "మనమే పరాయి ఇల్లు చేసినం" అని గొణిగింది. బాపు వినలేదు. నేను విన్నాను, అర్థం కాలేదు.

తెల్లవారింది. మామయ్య చాయ్ తాగివస్తానని బజారుకు పోయాడు. అమ్మ ముఖం కడుక్కుని గడప దగ్గర కూర్చుంది. రేకుపెట్టె లోపలి గోడ వారగా ఉంది. నేను చాపలోనే పడుకుని, లేస్తే అమ్మ వెళ్లిపోవడం మొదలవుతుందని కళ్లు సగమే తెరిచి ఉన్నాను. అందుకే చూడగలిగాను.

నాయనమ్మ నిండు బిందె చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. గది నడిమధ్యలో ఆగింది. బిందెను జాగ్రత్తగా కింద పెట్టింది, చుక్క తొణకలేదు. నేలను ఒకసారి చూసుకుంది, తన అలుకును, ఆ పొలుసుల గీతలను. ఆ తర్వాత బిందె అంచు పట్టుకుని వంచింది.

నీళ్లు గదంతా పారాయి. పేడ, మన్ను కలిసి బురదయి గోడల దాకా పోయింది, తెల్లటి సున్నం మీద కూడా చిందింది. నేను ఎగిరి లేచాను. నాయనమ్మ ఆ బురదలోనే కూలబడి, "అయ్యో నా నడుమో! చెయ్యి జారిందిరో!" అని అరిచింది. బాపు ఉరికి వచ్చి తల పట్టుకున్నాడు. "ఏందమ్మా గిది! సాయంత్రం చర్చి సంఘపోల్లు పాటలకు వస్తరు! నీకెందుకు బిందె, నన్ను పిలిస్తే కాదా?" పక్కింటి అక్క తొంగిచూసి, "అవ్వకు లగ్గం కళ ఎక్కువైంది, చేతులు ఆగుతలేవు. జరుగు, నేను అలుకుత" అంటూ కొంగు దోపుకుంది. నాయనమ్మ ఆమె మీద ఒంటికాలి మీద లేచింది. "నీ బర్రెల కొట్టం అలుకుకో పో. నా ఇంట్ల నీ చెయ్యి పడొద్దు. పేడ ఉంటే పంపియ్యి, లేకుంటే నోరు మూసుకో." అక్క నవ్వుకుంటూ పోయి గంపెడు పేడ తెచ్చి అరుగు మీద దించిపోయింది.

అందరినీ బయటకు తరిమి నాయనమ్మ అలకడం మొదలుపెట్టింది. అలుకు తెలియని వాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. నేల ఎప్పుడూ లోపలి మూల నుంచి మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ గడప దగ్గర ముగించాలి. అప్పుడే మనిషి బయట ఉంటుంది, పచ్చి అలుకు మీద అడుగు పడదు. ఐదేళ్ల ఆడపిల్లకైనా తెలిసిన సంగతి ఇది. మా నాయనమ్మ గడప దగ్గర మొదలుపెట్టింది. లోపలికి అలుకుతూ పోతోంది. అలికిన చోటే మళ్లీ మోకాళ్లు ఆనిస్తోంది. ఒకచోట ముద్దలు ముద్దలుగా, ఇంకోచోట పలుచగా. వాడంతా పిలుచుకుపోయే చెయ్యి అది.

అమ్మ గడప అవతల కూర్చుని ఆ చేతినే చూస్తోంది. మొదట ఊరికే చూసింది. తర్వాత ఆమె కనుబొమలు దగ్గరకొచ్చాయి. నాయనమ్మ ఇంకొంచెం లోపలికి జరిగి, తన మోకాలి గుంట మీద ఇంత పేడ ముద్ద వేసి పులిమింది.

"అత్తమ్మా" అంది అమ్మ.

నాయనమ్మ విననట్టే ఉంది.

"అత్తమ్మా, గడప కాడికెల్లి ఎవలన్న సురువు చేస్తరా? బయటికి ఎట్లొస్తవు? ఎగిరొస్తవా?"

మంచినీళ్లు అడగడం తప్పిస్తే, కొన్ని నెలల తర్వాత అమ్మ నోటి నుంచి వచ్చిన నిండు మాట అది. బాపు అరుగు మీద రాయిలాగా నిలబడిపోయాడు. నాయనమ్మ తల ఎత్తకుండా, "నాకు గిట్లనే వచ్చు. నీకు నచ్చకుంటే చూడకు" అంది.

"గిట్లనా? గంత పేడ ఏస్తే ఆరినంక పగుల్తది. మన్నేది? నిన్న అలికింది గూడ నువ్వేనా?" అమ్మ గొంతులో కోపం ఉంది. లేచి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది. "లే, లేవు. ఇటియ్యి గుడ్డ. మన్ను నేను కలుపుత."

గోడ అంచు పట్టుకుని లోపలి మూలకు పోయి, రేకుపెట్టెను గోడ వారనున్న మట్టి దిమ్మె మీదికి ఎత్తి పెట్టి, అమ్మ అలకడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి నాయనమ్మ చెయ్యిలాగా పొలుసులు వేయదు. పొడుగ్గా, నాగలి చాళ్లలాగా పోతుంది. చాలు తర్వాత చాలు వస్తోంది. గది నడుమకు వచ్చేసరికి ఆ చెయ్యి ఆగింది. పైన దూలానికి తమ్ముడి ఊయల వేలాడిన చోటది. తాడు తీసేశాం, కొండి తీసేశాం, పైన చాందినీ కట్టేశాం. అయినా ఆమెకు ఆ చోటు తెలుసు. ఆ ఊయల కింది నేలను ఎన్నిసార్లు అలికిందో ఆమె మోకాళ్లకు తెలుసు.

అమ్మ తమ్ముడి పేరు పలికింది. మా ఇంట్లో ఎవరమూ పలకని పేరు. మళ్లీ పలికింది. పచ్చి పేడ చేతులతోనే నేలకు వంగి ఏడ్చింది. ఆ ఏడుపు విని పక్కింటి అక్క మళ్లీ వచ్చింది, ఈసారి గడప అవతలే నిలబడింది. బాపు లోపలికి పోబోతే, అప్పటికే గడప దగ్గరికి వచ్చేసిన నాయనమ్మ అడ్డంగా చెయ్యి చాచింది. "ఏడ్వనియ్యి కొడుకా" అంది. నేను భయపడి నాయనమ్మ కాళ్లను పట్టుకున్నాను. ఆ కాళ్లు వణుకుతున్నాయి. చేతులు మాత్రం కాదు.

చాలాసేపటికి అమ్మ ముక్కు మోచేతికి తుడుచుకుని, ఆ చోటును అలికింది. అక్కడ ఆమె చెయ్యి మెల్లగా, ఒకటికి రెండుసార్లు తిరిగింది. తర్వాత వెనక్కి జరుగుతూ జరుగుతూ గడప దగ్గర ముగించి బయటకు వచ్చింది.

సరిగ్గా అప్పుడే మామయ్య వచ్చి, "టైమైతాంది, పెట్టె తియ్యి" అన్నాడు. పెట్టె లోపలి గోడ దగ్గర ఉంది. నడుమ పచ్చి అలుకు. ఆయన గడప మీద కాలు పెట్టాడో లేదో, అమ్మ అన్నను చూసి, "అడుగు పెట్టినవంటే కాలిరగ్గొడ్త. ఆరనియ్యి" అంది.

"ఎప్పుడారుతది?"

"నాకేం ఎరుక, సూర్యున్ని అడుగు."

మామయ్య అమ్మ ముఖం చూశాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయిన ముఖం, చెంపకు పేడ. మళ్లీ బాపును చూశాడు. చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాడు. చలికాలపు ఎండ, నేల తొందరగా ఆరదు. పొద్దుటి బస్సు పోయింది, మధ్యాహ్నపు బస్సు పోయింది. సాయంత్రం సంఘం వాళ్లు పాటలు పాడుతూ వచ్చేసరికి అమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. పండుగ తెల్లారి మామయ్య ఒక్కడే ఊరికి పోయాడు.

అమ్మ ఆ రోజుతో బాగైపోయిందని రాస్తే అది అబద్ధం. ఆ తర్వాత కూడా ఎన్నో రోజులు అన్నం మాడింది. వానలు మొదలైతే ఇప్పటికీ ఆమె మాట తగ్గిపోతుంది. కానీ ఇంట్లోనే ఉంది. మాట్లాడని రోజు వస్తే నాయనమ్మ ఏదో ఒకటి చెడగొట్టేది. పప్పులో ఉప్పు మరిచిపోయేది, చాట తిరగేసి చెరిగేది, నా జడ వంకరగా వేసి వీధిలోకి పంపేది. అమ్మ చిరాకు పడుతూ లేచేది.

దానికి నాయనమ్మ చెల్లించుకున్న మూల్యం నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఆ బిందె సంగతి వాడంతా పాకింది. ముసలామె చేతులు వణుకుతున్నాయనీ గడప దగ్గర అలుకు మొదలుపెట్టేంత మతిమరుపు వచ్చిందనీ అన్నారు. ఆమెను అలుకు పనికి పిలవడం మానేశారు. ఆమె ఎవరికీ బదులు చెప్పలేదు. ఒకసారి నేను ఉండబట్టలేక, నువ్వు కావాలనే వంచావు, నేను చూశాను అన్నాను. ఆమె బొంత కుట్టుకుంటోంది. "చెయ్యి వణికిందే పిల్లా, ముసల్దాన్ని కానా?" అంటూ సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించింది.

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. ఎవరింట్లోనైనా చావు జరిగితే కొన్నాళ్లకు పోయి పలకరించి వస్తాను. అందరూ క్యారేజీల్లో వండి పట్టుకుపోతారు, ఇల్లు ఊడుస్తారు, ఆ ఇంటి ఇల్లాలిని మంచం దిగనివ్వరు. మంచివాళ్లే, వాళ్లను నేను తప్పుపట్టను. నేను మాత్రం వట్టి చేతులతో పోతాను. ఆమె పక్కన కూర్చుని, పోయిన మనిషి పేరు పలికి ఆ మనిషి సంగతులు అడుగుతాను. ఆ తర్వాత, "తల పగుల్తాంది బిడ్డా, జర చాయ్ పెట్టి తెస్తవా?" అంటాను. చుట్టూ ఉన్నవాళ్లు ఈ ముసలిదానికి సిగ్గు లేదన్నట్టు చూస్తారు. ఆమె కాసేపు కదలదు. నేను ఇంకోసారి అడుగుతాను. ఆమె లేచి లోపలికి పోతుంది, గిన్నె చప్పుడు వినిపిస్తుంది. చక్కెర ఎక్కువైనా, పాలు విరిగినా, ఆ చాయ్ మొత్తం తాగాకే ఇంటికి వస్తాను.